బేరం మొదలైంది మీ ఇంట్లోనే

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా ఏజెంట్లెవరూ లేకుండా సొంతంగా సెక్స్ వర్క్ చేస్తున్నాను. నన్నెవరూ బలవంతం చేయలేదు. కస్టమర్లతో నేను పద్ధతిగా ఉంటాను, వాళ్లే ఉండరు. ఫోన్లో ఒప్పుకున్న రేటుకి గుమ్మంలోకి వచ్చాక బేరం పెడతారు. గంటన్న వాళ్లు గంటకి లేవరు. కొందరు తాగి వస్తారు. కండోమ్ వద్దంటే ఎక్కువిస్తామంటారు. పోయిన నెల ఒకతను మధ్యలో తీసేశాడు. నెలాఖరులో తమ్ముడి ఇంటి లోన్ కట్టాల్సి వచ్చినప్పుడు నేనే కాస్త మెత్తబడతాను. నాకు ఆధార్, బ్యాంకు ఖాతా లేవు, అడ్వాన్సులు తమ్ముడి ఖాతాలోనే పడతాయి. అమ్మ వాడి దగ్గరే ఉంటుంది, తెలిసీ తెలియనట్టు ఉంటుంది. నేను విదేశంలో ఉన్నానని వాడి అత్తవారికి చెప్పారు కాబట్టి ఆ ఇంటికి వెళ్లను. నా షరతులు ముందే మెసేజ్ పెడితే కస్టమర్లు ‘ఇంత పొగరా’ అంటున్నారు. వాళ్లు నొచ్చుకోకుండా, నన్ను గౌరవించేలా ఎలా రాయాలి?

జవాబు: ముందు పోయిన నెల సంగతి మాట్లాడదాం. మిగతా ఫిర్యాదుల మధ్య దాన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. అది మర్యాద తక్కువతనం కాదమ్మా, మీ మీద జరిగిన దాడి. మీరు ఒప్పుకున్నది కండోమ్‌తో. అతను చేసినదానికి మీ ఒప్పుదల లేదు. న్యూజిలాండ్‌లో ఒక సెక్స్ వర్కర్‌తో ఇలాగే చేసిన మనిషికి 2021లో అక్కడి కోర్టు అత్యాచార నేరం కింద జైలు శిక్ష వేసింది. డబ్బు తీసుకున్నంత మాత్రాన ఆ నేరం చిన్నదైపోదు. ఇప్పుడొకసారి, జరిగి మూడు నెలలు నిండాక మరోసారి హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోండి. సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు కూడా అడగండి. మళ్లీ ఎప్పుడైనా ఇలా జరిగితే ఆగకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, హెచ్‌ఐవీ సోకకుండా అడ్డుకునే పెప్ మందులు కావాలని చెప్పండి. 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, 28 రోజులు మానకుండా వాడాలి. లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్‌కి ఏ బాధితురాలికైనా అందే సాయమంతా, వెంటనే వైద్యంతో సహా, అందాలని 2022 మే 19న మన సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ దగ్గర కండోమ్‌లు ఉండటాన్ని నేరానికి సాక్ష్యంగా చూడకూడదని కూడా చెప్పింది. ఈ రెండూ మనసులో పెట్టుకుని వెళ్లండి, తలదించుకుని వెళ్లకండి.

ఇక మీ ప్రశ్న. మెసేజ్‌ని మెత్తగా రాసే మార్గం నేను చెప్పను. ఉన్నది ఉన్నట్టు రాయండి. సమయం, డబ్బు, కండోమ్ తప్పనిసరి, తాగి వస్తే లోపలికి రానివ్వను. అంతే. నాలుగు వాక్యాలు చదివి పొగరు అన్నవాడు తలుపు మూశాక ఎలా ఉంటాడో ఊహించుకోండి. అతను రాకపోవడమే మీకు లాభం. వాళ్లు నొచ్చుకుంటారేమోనన్న భయంతో మీరు పెట్టే ‘ప్లీజ్’లలో, ‘ఏమనుకోకండి’లలో వాళ్లకి వినబడేది ఒక్కటే: ఈవిడ తగ్గుతుంది.

ఇది చదివే మగవాళ్లకి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆమెకి నేర్పాల్సింది తక్కువ, మీకు నేర్పాల్సింది చాలా ఉంది. మీరు కట్టేది గంటకే అయినా ఆ గంట వెనక ఆమె ఫోన్లకి జవాబిచ్చిన సమయం, వచ్చేది ఎలాంటివాడో ఆరా తీసిన సమయం, ఇల్లు సర్దిన సమయం, చివరి నిమిషంలో రానన్నవాడి కోసం వేరొకరిని వద్దన్న నష్టం, అన్నీ ఉంటాయి. వాటికి ఎవరూ పైసా ఇవ్వరు. అందుకే అడ్వాన్స్ అడుగుతుంది. పేరు, ఫోటో, ఐడీ అడిగితే అవమానంగా తీసుకోకండి. తెలియని మగాడితో తలుపేసుకునేది ఆమె. తోడుగా ఇంకొక స్త్రీని పెట్టుకుందామన్నా, ఇద్దరు కలిసి ఒకే చోట పనిచేస్తే 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం దాన్ని వేశ్యాగృహం కింద లెక్కగడుతుంది. ఒంటరిగా ఉండక తప్పని పరిస్థితి ఆమెది. కాబట్టి స్నానం చేసి, తాగకుండా, చెప్పిన వేళకి వెళ్లండి. డబ్బు అడిగించుకోకుండా ముందే ఇవ్వండి. అసలు పేరేమిటి, ఇలా ఎందుకయ్యావు అని కూపీ లాగకండి. ఫోన్ బయటికి తీయకండి, మీతో స్నేహితుడిని తీసుకెళ్లకండి, ఆమె నంబర్ ఎవరికీ పంచకండి. బయట ఎక్కడైనా ఎదురైతే చూడనట్టే సాగిపోండి. మధ్యలో వద్దంటే ఆగిపోండి, ఎందుకని వాదించకండి. ఆమె నవ్వింది కదా అని ప్రేమనుకోకండి.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. కస్టమర్ల గురించే మొత్తం ఉత్తరం రాశారు, నాకు మాత్రం అందులో కనిపించింది మీ తమ్ముడు. నెలాఖరున మీరు మెత్తబడతారని రాశారే, అక్కడే నేను ఆగిపోయాను. నెల మొదట్లో కండోమ్ లేకుండా కుదరదని చెప్పగలిగిన మనిషి ఆఖరి వారంలో ఎందుకు చెప్పలేకపోతోంది? తమ్ముడి లోన్ కోసం. గుమ్మంలో నిలబడి బేరం పెట్టేవాడికి మీ అవసరం తెలిసిపోతోంది. ఆ అవసరం తెచ్చిపెట్టింది మీ తోడబుట్టినవాడు. మీ షరతులు మీరే దాటేది వాడి కోసం. ఎంత చక్కటి మెసేజ్ రాసినా ఇది మారదు.

అక్క సంపాదన ఖాతాలో వేసుకుంటాడు, అక్కని మాత్రం విదేశాలకి పంపేశాడు! ఆ డబ్బుకి లేని తప్పు మీ ముఖానికి ఎక్కడినుంచి వచ్చింది? మీరు తప్పు చేస్తున్నారని అతను నిజంగా నమ్మితే ఆ డబ్బు ముట్టకూడదు. తప్పు కాదనుకుంటే అత్తవారి ముందు మా అక్క అని చెప్పాలి. రెండింట్లో ఏదీ చేయనివాడికి తమ్ముడన్న పేరుతో మీ మీద ఏ హక్కూ లేదని నేను గట్టిగా నమ్ముతాను. చిన్నప్పుడు ఎత్తుకుని పెంచాననీ, ఇంటికి పెద్దదాన్ననీ మీకు అనిపిస్తుంది, నిజమే. చదువు, పెళ్లి, జీవితంలో నిలబడటం వరకే పెద్దకూతురి బాధ్యత. ఇంటి లోన్ ఆ ఇంట్లో ఉండేవాళ్లది.

ఇందులో అతనికీ ప్రమాదం ఉంది. అదే 1956 చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రకారం, ఇలాంటి సంపాదన అని తెలిసి దాని మీద బతికే 18 ఏళ్లు దాటిన ఎవరికైనా శిక్ష పడొచ్చు. ముసలి తల్లుల్ని కూడా నేరస్తుల్ని చేసే ఆ సెక్షన్ నాకు ఇష్టం లేదు, మీ తమ్ముడి మీద కేసు పెట్టమని చెప్పడానికి దాన్ని ఎత్తలేదు. మీ అడ్వాన్సులు అతని పేరున పడుతున్నాయంటే ప్రతి కస్టమర్‌కీ మీ ఇంటివాళ్ల పేరు తెలుస్తోంది, మీకెంత వస్తోందో అతనికి తెలుస్తోంది. రెండూ ఆపాలి.

మొదట మీ పేరున ఆధార్ తీసుకోండి. చిరునామా రుజువు లేని సెక్స్ వర్కర్లకి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (NACO) లేదా రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అధికారి ధ్రువపత్రంతో ఆధార్ ఇవ్వాలని సుప్రీంకోర్టు అదే 2022లో చెప్పింది. మీ వృత్తిని బయటపెట్టే గుర్తు ఏదీ అందులో ఉండకూడదనీ చెప్పింది. మీకు దగ్గరలో హెచ్‌ఐవీ నివారణ కోసం పనిచేసే సంస్థ ఉంటే దారి చూపిస్తారు. ఆ తర్వాత ఖాతా తెరిచి, అడ్వాన్సులు అందులోకి మార్చండి.

అది కాగానే తమ్ముడికి ఫోన్ చేయండి. లోన్ డబ్బు ఇక పంపనని, వచ్చే రెండు నెలల్లో వేరే ఏర్పాటు చూసుకోమని చెప్పండి. కారణాలు వివరించకండి, లెక్కలు చెప్పకండి. అతను అరుస్తాడు, అమ్మని చూసుకునేది నేనంటాడు. అమ్మ ఖర్చు అమ్మ పేరున ఉన్న ఖాతాకే పంపుతానని చెప్పండి. ఖాతా లేకపోతే ఆమెకి ముందు అది తెరిపించండి. అత్తవారికి మీ గురించి చెప్పేస్తానని బెదిరిస్తే భయపడకండి, ఇన్నాళ్లూ అబద్ధం చెప్పింది అతను.

కాసేపటికి అమ్మ ఫోన్ చేస్తుంది. ‘తమ్ముడే కదమ్మా’ అంటుంది. ఆవిడతో వాదించకండి, ఆ వయసులో ఆవిడకి ఎక్కడ ఉంటామో అన్న బెంగ ఉంటుంది. నీకు పంపేది ఆగదమ్మా, ఎప్పుడైనా నా దగ్గరికి వచ్చి ఉండాలనిపిస్తే రా అని మాత్రం చెప్పండి. వస్తుందో రాదో ఆవిడ ఇష్టం. ఈ ఫోన్లు మాట్లాడే రోజు కస్టమర్లని పెట్టుకోకండి, నెలాఖరు అయినా సరే.