అమ్మ వెళ్లి రెండు నెలలే అయింది, మళ్లీ రప్పించొచ్చా?

తమ్ముడూ, పాలకొల్లు నుంచి మీ అమ్మగారు అమెరికా వచ్చి, ఆర్నెల్లకు మూడు రోజుల ముందు తిరిగి వెళ్లారు. వెళ్లి రెండు నెలలైనా కాలేదు. నీ భార్యకు నెలలు నిండుతున్నాయి, పదేళ్ల వీసాలో ఇంకా ఎనిమిదేళ్లు మిగిలుంది, మళ్లీ రప్పించొచ్చా అని అడిగావు. రప్పించకూడదని అమెరికాలో రూలేమీ లేదు. అలాగని లోపలికి పంపుతారన్న గ్యారంటీ కూడా లేదు. వీసా గుమ్మం దాకా తెస్తుంది. రానివ్వాలా, ఎన్నాళ్లు ఉండనివ్వాలా అన్నది ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఇష్టం. వీసా మీద తేదీ కాదు, ఐ-94లో, అంటే దిగినప్పుడు ఎన్నాళ్లు ఉండొచ్చో రాసే రికార్డులో, పడిన తేదీయే లెక్క. మిగతావి ప్రభుత్వ సైట్లో ఉంటాయి, చదువుకో. అక్కడ దొరకనిది నేను చెబుతాను, నాకెంత వదిలిందో.

2010లో మా వాడు పుట్టినప్పుడు రాజోలు నుంచి అమ్మను పిలిపించాను. ఆర్నెల్లు ఇచ్చారు కదా, ఒక్క రోజు మిగిల్చినా టికెట్టు డబ్బు దండగ అనుకునే రకాన్ని. చివరి వారం దాకా ఉంచి, సంక్రాంతికి పంపాను. ఫిబ్రవరిలో డేకేర్ బిల్లు చూసి గుండె గుభేలుమంది. అన్నిటికంటే చవక టికెట్టు, తేదీ మార్చడానికి వీల్లేనిది, తిరుగు ప్రయాణం అయిదున్నర నెలల తర్వాతకి కొన్నాను. ఇన్సూరెన్సు ఆర్నెల్లకూ ఒకేసారి కట్టేశాను. డేకేర్లో సీటు వదిలేశాను. తెలివైనవాణ్ణనే అనుకున్నా.

మార్చి మొదట్లో అమ్మ దిగింది. 'సన్ హౌస్, సిక్స్ మంత్స్' అని ఫోన్లో వారం రోజులు వల్లె వేయించాను. ఆవిడ పొల్లు పోకుండా అలాగే చెప్పింది. వెళ్లి యాభై రోజులేగా అని ఆఫీసరు పక్క గదిలోకి పంపాడు. అక్కడ ఫోన్లో తెలుగు చెప్పే మనిషిని పెట్టి, ఎందుకొచ్చారని అడిగారు. "మనవణ్ణి చూసుకోవాలండి. ఆళ్లిద్దరూ ఉద్యోగాలకి పోతారండి. డేకేరుకి బోలెడైపోతోందంటండి" అంది. మా అమ్మ నోట అబద్ధం రాదు. అది ఆవిడ సుగుణం, నా ఖర్మ. వాళ్లు దాన్ని చూడ్డానికి రావడం కింద కాక, పనికి రావడం కింద లెక్కేశారు.

రెండున్నర గంటలు. బయట నేను పార్కింగు మీటరు చూసుకుంటూ నిలబడ్డాను. చివరికి రెండు నెలలకు ముద్ర వేసి వదిలారు. అదీ అదృష్టమే, వీసా రద్దు చేసి తిరుగు విమానం ఎక్కించిన సందర్భాలు ఉన్నాయి. తిరుగు టికెట్టు పనికిరాలేదు, కొత్తది కొన్నాను. ఇన్సూరెన్సు వెనక్కి రాలేదు. డేకేర్లో మళ్లీ చేరిక రుసుము. అప్పట్లో డాలరు నలభై అయిదు రూపాయలు. అమ్మ వేళ్ల మీద లెక్క కట్టి, "మన రెండెకరాల కొబ్బరి తోట ఏడాది దింపులన్నీ పోయాయిరా" అంది.

ఆ తర్వాత నాలుగుసార్లు తీసుకొచ్చాను. ఎంతకాలం ఉందో కనీసం అంతకాలం ఊళ్లో ఉన్నాకే టికెట్టు కొన్నాను. అది రూలు కాదు, నా పద్ధతి. ఒక్కసారి కూడా పక్క గదికి పిలవలేదు.

నీకు ఆగే వ్యవధి లేదు, నిజమే. కానీ మీ అత్తగారికి వీసా ఉందనీ, ఒక్కసారీ రాలేదనీ నువ్వే రాశావు. తొలి కాన్పు పుట్టింటివాళ్లదే కదయ్యా! ఆవిణ్ణి పిలవడానికి ఏం అడ్డమో నాకర్థం కాలేదు. వియ్యపురాళ్ల పేచీ అయితే అది నా పరిధిలోది కాదు.

మీ అమ్మగారే రావాలంటే, రెండు నెలలకే తిరుగు టికెట్టు తియ్యి. ఎక్కువైనా సరే, తేదీ మార్చుకునే రకం. ఇన్సూరెన్సు నెలకింతని కట్టి పొడిగించుకునేది చూడు. కాన్పు తేదీతో డాక్టరు ఉత్తరం, పొలం పాసు పుస్తకం చేతిసంచీలో ఉండాలి, పెద్ద పెట్టెలో కాదు. అడిగితే కాన్పు చూసి దాళ్వా వరి కోతలకి వెళ్లిపోతానని చెప్పమను. అది నిజమైతేనే సుమా. ఏదీ వల్లె వేయించకు.

ఇది రాజోల్లో మా అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. దొడ్లో దింపు జరుగుతోంది, అమ్మ కాయలు లెక్కపెట్టిస్తోంది. ఏం రాస్తున్నావని అడిగితే చదివి వినిపించాను. "ఒరేయ్, ఆ గదిలో ఆయన కాఫీ తాగుతారా అని అడిగాడని కూడా రాయి. నేనే వద్దన్నాను, ఎంత తీసుకుంటాడో ఏంటో అని."