కత్తీ, గరిటె

పోయిన నెల ఈ శీర్షికలో జపాన్ సినిమాల గురించి నాలుగు ముక్కలు రాస్తూ, "సమురాయ్ కథ సగం వంటింట్లోనే నడుస్తుంది" అని ఒక మాట అన్నాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఇంతకుముందు దేనిమీదా రాలేదు. సగం మంది తిట్టారు. మిగతా సగం "ఇంకా చెప్పండి" అన్నారు.

ముందే చెప్పేస్తాను. నేను చరిత్ర చదువుకున్నదాన్ని కాదు. ముప్పై రెండేళ్ళు బ్యాంకులో లెడ్జర్లు చూసి రిటైరైనదాన్ని. జపనీస్ రాదు, సబ్‌టైటిల్సే దిక్కు. పక్క కుర్చీలో మావారు ఉంటారు. ఆయనకి కత్తి కావాలి, నాకు కాపురం కావాలి. పన్నెండేళ్ళుగా ఇద్దరం కలిసే చూస్తున్నాం. సినిమా మొదలైన ప్రతి పావుగంటకీ "కత్తి ఎప్పుడొస్తుందే?" అని ఆయన అడుగుతూనే ఉన్నారు.

ప్ర: అమ్మా, సమురాయ్ అంటే వీరుడు. వాళ్ళ కథని తీసుకెళ్ళి పొయ్యి దగ్గర కూర్చోబెట్టడం అన్యాయం కాదా? — కత్తియుద్ధాల అభిమాని

జ: పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది నేను కాదు బాబూ, వాళ్ళ దొరలే. 1615లో ఒసాకా కోట పడిపోయాక ఆ దేశంలో పెద్ద యుద్ధాలు దాదాపు ఆగిపోయాయి. షిమబారా తిరుగుబాటు లాంటివి తప్పిస్తే, రెండు వందల ఏళ్ళకు పైగా కత్తికి పని లేదు. అయినా రెండు కత్తులు నడుముకి ఉండాల్సిందే. కత్తి కట్టుకుని పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి గోదాములో ధాన్యం లెక్క రాసుకుని వచ్చే గుమాస్తాలు వాళ్ళు. జీతం కూడా బియ్యమే. కోకు అని ఒక కొలత ఉంది. ఒక మనిషి ఏడాది పొడుగునా తినే బియ్యమని దాని లెక్క, మన కిలోల్లో సుమారు నూటయాభై.

యోజి యమాదా 2002లో తీసిన సినిమాలో హీరో సేబేయ్ జీతం 50 కోకులు. భార్య క్షయతో పోయింది. ఇద్దరు ఆడపిల్లలు, మతి తప్పిన తల్లి. పొద్దుగూకగానే తోటి ఉద్యోగులు తాగడానికి పిలిస్తే ఇతను ఇంటికి పరిగెత్తుతాడు. అందుకే 'తసొగారె సేబేయ్' అని ఎగతాళి పేరు పెట్టారు. తసొగారె అంటే మునిమాపు. ఇంటికొచ్చి ఏం చేస్తాడు? దీపం ముందు కూర్చుని పురుగుల పంజరాలు అల్లుతాడు, అమ్ముకోడానికి. బట్టలు చిరిగి, ఒళ్ళు కంపు కొట్టి పెద్దదొర ముందు తలవంపులవుతుంది. ఇంక పోరాటం దగ్గరికి వచ్చేసరికి తెలిసేదేమిటంటే, పెద్ద కత్తి ఎప్పుడో అమ్మేశాడు, భార్య అంత్యక్రియల ఖర్చుకి! ఒరలో ఉన్నది వెదురు బద్ద.

మావారు ఆ సీనులో లేచి కూర్చున్నారు. "అమ్మేశాడా?" అన్నారు, ఇంట్లో వాళ్ళెవరో అమ్మినట్టు.

ఇదే యమాదా 2006లో తీసిన ఇంకో సినిమాలో హీరో ఉద్యోగమే తిండి: దొరవారి భోజనంలో విషం ఉందో లేదో ముందు తిని చూడటం. ఒకరోజు గవ్వమాంసం వికటించి కళ్ళు పోతాయి. తర్వాత పెళ్ళాం మీద అనుమానం, ఇంట్లోంచి వెళ్ళగొట్టడం, ఒక ద్వంద్వయుద్ధం, అన్నీ ఉన్నాయి. కానీ సినిమా తేలేది ఆ యుద్ధంలో కాదు. ఇంట్లోకి కొత్తగా వచ్చిన వంటమనిషి చేమకాడల కూర వండి పెడుతుంది. ఆ గుడ్డివాడు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంటాడు. ఆ తర్వాత చెప్పను, చూడండి.

ప్ర: మీకు బాగా నచ్చిన సమురాయ్ ఎవరు మేడమ్? — డిగ్రీ విద్యార్థిని

జ: నవ్వకు తల్లీ. కాగా సంస్థానంలో లెక్కలు రాసే ఇనొయామా నవొయుకి. కత్తి చేతకాదు, అబాకస్ బాగా వచ్చు. ఈయన నిజంగా ఉన్న మనిషి. 1842 నుంచి 1879 దాకా ఆ ఇంటివాళ్ళు రాసుకున్న పద్దు పుస్తకాలు టోక్యోలో కందా అనే పేటలో ఒక పాత పుస్తకాల షాపులో ఇసొదా మిచిఫుమి అనే చరిత్రకారుడికి దొరికాయి. వాటి మీద 2003లో పుస్తకం రాశారు, 2010లో సినిమా వచ్చింది.

నాలాంటిదానికి ఇంతకంటే థ్రిల్లర్ ఉండదు. ఆ ఇంటి అప్పు ఏడాది ఆదాయానికి రెండింతలు. తాగుడో జూదమో కాదు కారణం, పరువు. సమురాయ్ ఇంట్లో నౌకర్లుండాలి, బంధువుల శుభకార్యాలకి కానుకలు పట్టుకెళ్ళాలి, దేనికీ చెయ్యి వెనక్కి తీయకూడదు. ఇంట్లో చిన్నపిల్లవాడి వేడుక వచ్చింది. జపాన్‌లో శుభకార్యం అంటే తాయ్ అనే ఎర్రచేప విస్తట్లో ఉండి తీరాలి. డబ్బుల్లేవు. అప్పుడేం చేశారంటే, కాగితం మీద చేప బొమ్మ గీసి అందరి పళ్ళేల్లో తలో బొమ్మా పెట్టారు! పెద్దవాళ్ళ ముఖాలు చూడాలి ఆ సీన్లో. ఆ తర్వాత ఇల్లంతా ఊడ్చి, పాత్రలూ పట్టుబట్టలూ అమ్మేసి అప్పు తీర్చడానికి దిగుతారు.

నేను బ్యాంకులో చూసిన అప్పుల్లో సగం పెళ్ళిళ్ళకి తీసుకున్నవే. వాళ్ళలో ఒక్కరికైనా చేప బొమ్మ గీసే ధైర్యం ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

ప్ర: మా ఫ్రెండ్ పట్టుబట్టి ఓజు అనే డైరెక్టరు సినిమా చూపించాడు. రెండు గంటల పైన కూర్చోవడం, టీ తాగడం, "అలాగా" అనుకోవడం. ఇందులో ఏముందండీ? — నిద్రొచ్చినవాడు

జ: మొదటిసారి నాకూ నిద్రొచ్చింది. సిగ్గుపడకండి.

మీరు చూసింది 1953 నాటి 'టోక్యో కథ' అయి ఉంటుంది. ఒనొమిచి అనే ఊరి నుంచి ముసలి తల్లిదండ్రులు టోక్యోలో పిల్లల్ని చూడ్డానికి వస్తారు. కొడుకు డాక్టరు, కూతురికి బ్యూటీ పార్లరు, ఎవరికీ తీరిక లేదు. అటామీలో వేడినీళ్ళ బుగ్గలున్నాయి, సరదాగా వెళ్ళి రండని డబ్బులిచ్చి పంపేస్తారు. అక్కడ రాత్రంతా కుర్రకారు గోల, ముసలాళ్ళకి నిద్రుండదు. వాళ్ళని ప్రేమగా చూసుకున్నది యుద్ధంలో పోయిన కొడుకు భార్య ఒక్కతే. ఆ పిల్లకి వాళ్ళతో రక్తసంబంధం కూడా లేదు. తల్లి పోయాక, భోజనాల దగ్గర కూతురు అమ్మ కట్టుకున్న బట్టల్లో ఫలానాది నాకు కావాలని అడుగుతుంది. ఎవరూ ఆమెని తిట్టరు. ఆవిడ చెడ్డమనిషి కూడా కాదు. అక్కడ నాకు నిద్ర ఎగిరిపోయింది.

ఓజు కెమెరాని నేలకి దగ్గరగా పెట్టి కదలకుండా ఉంచుతాడు. మనమూ ఆ చాప మీద ఓ మూల కూర్చున్నట్టే ఉంటుంది. లేచి వెళ్ళడానికి మొహమాటం. ఇంకో వింత: ఆ డెబ్భై ఏళ్ళ తండ్రి వేషం వేసిన చిషూ ర్యూకి అప్పటికి యాభై కూడా నిండలేదు.

మళ్ళీ నిద్రొస్తుందని భయమైతే కొరేఎదా అనే దర్శకుడు 2008లో తీసిన సినిమాతో మొదలుపెట్టండి. వేసవిలో ఒక రోజు, ఒక ఇల్లు. చాలా ఏళ్ళ కిందట పెద్దకొడుకు ఎవరో పిల్లాణ్ణి కాపాడబోయి సముద్రంలో మునిగి పోయాడు. ఈ రోజు అతని సంవత్సరీకం. తల్లి మొక్కజొన్న గింజలు ఒలిచి పిండిలో ముంచి నూనెలో వేస్తుంది. అవి చిటపటమని పేలతాయి. ఇల్లంతా నవ్వులు. ఆ కాపాడబడ్డ కుర్రాడు కూడా వస్తాడు, ఒళ్ళు చేసి, చెమటలు కక్కుతూ, ఏ ఉద్యోగంలోనూ నిలదొక్కుకోలేక. రాత్రి చిన్నకొడుకు అంటాడు, పాపం ఇక అతన్ని పిలవడం మానేద్దామమ్మా అని. లేసు అల్లుకుంటూ ఆ తల్లి అంటుంది, అందుకేగా పిలుస్తున్నది అని. పదేళ్ళకే మర్చిపోతే ఎలా, ఏడాదికోసారైనా వాడు బాధపడాలి అని.

ఆ మాటకి నాకు ఒళ్ళు జలదరించింది. చేసిందల్లా పొద్దుటినుంచీ వంట. ఇరవై మందిని నరికే సీనులో కూడా అంత భయం వేయలేదు. ఆ తల్లి వేషం కిరిన్ కికిది. ఈవిడే 1974లో ఒక టీవీ కామెడీలో ముసలమ్మగా వేసింది, ముప్పై ఒకటో ఏట. చేతులు చూస్తే వయసు తెలిసిపోతుందని వేళ్ళు లేని గ్లవుజులు వేసుకుందట.

ప్ర: నేను ఇల్లరికపుటల్లుణ్ణి. జపాన్ కథల్లో నాలాంటివాళ్ళున్నారా? — పేరు వద్దు

జ: కుప్పలు తెప్పలుగా ఉన్నారు. సమురాయ్ ఇంట్లో వారసుడు లేకపోతే ఆ ఇల్లే రద్దు: భూమి పోతుంది, జీతం పోతుంది, నౌకర్లు రోడ్డున పడతారు. చావుబతుకుల్లో దత్తత తీసుకోవడం మొదట్లో కుదిరేది కాదు, 1651లో ఆ రూలు కొంత సడలించారు. ఇల్లు నిలబెట్టుకోడానికి కూతురికి పెళ్ళిచేసి అల్లుణ్ణే దత్తత తీసుకుని ఇంటిపేరు మార్చేవాళ్ళు. రెండో కొడుకు, మూడో కొడుకు అన్నగారింట్లో ఓ గదిలో పడి, ఏ ఇంట్లోంచి పిలుపొస్తుందా అని ఎదురుచూసేవాళ్ళు. వాళ్ళకి పేరే 'హేయజుమి', గదిలో కాపురమున్నవాడు అని.

వాళ్ళ సామెత ఒకటి ఉంది: మూడు గిద్దెల తవుడున్నా చాలు, ఇల్లరికం మాత్రం వెళ్ళకు. గిద్దె నా తర్జుమా, కొలత పట్టించుకోకండి.

మీకు ఊరట కావాలంటే 'సజాయె సాన్' కార్టూన్ చూడండి. 1969 నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం వస్తూనే ఉంది. అందులో అల్లుడు మసువో అత్తారింట్లోనే ఉంటాడు కానీ ఇంటిపేరు మార్చుకోలేదు. మామగారితో కలిసి నవ్వుతూ తింటాడు. ఆ ప్రోగ్రాం అయిపోతే తెల్లారి సోమవారమని జపాన్ ఉద్యోగులకి బెంగ. ఆ బెంగకి కూడా సజాయె సాన్ పేరే పెట్టారు.

ప్ర: 'ఒషిన్' గురించి ఒక్క ముక్క కూడా రాయలేదేం? — ఒక అత్తగారు

జ: దొరికిపోయాను. 1983-84లో టీవీలో రోజుకి పావుగంట చొప్పున 297 భాగాలు. ఒక దశలో రేటింగు 62.9 శాతం. బస్తా బియ్యానికి ఏడేళ్ళ పిల్లని పనికి పంపడం, మొగామి నదిలో తెప్ప మీద ఆ పిల్ల వెళ్ళిపోతుంటే తండ్రి ఒడ్డున నిలబడటం, అంతవరకూ గొప్పగా ఉంటుంది. పెద్దయ్యి పెళ్ళయ్యి సాగాలో అత్తారింటికి చేరాక ఇక నావల్ల కాలేదు. అక్కడే ఆపేశాను. ఆ అత్తగారు... వద్దులెండి, మీరూ అత్తగారే.

ప్ర: ఒక్క వేటుకే ఫైటు అయిపోతుందేంటి? ఇంతసేపు ఎదురుచూసింది దీనికా? — ఇంటర్ కుర్రాడు

జ: ఇది మావారి ప్రశ్న, మీరు దొంగిలించారు. కురోసావా 1962లో 'సంజురో' చివర ఇద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టి, చాలాసేపు కదలనివ్వడు. తర్వాత ఒకే ఒక్క వేటు, రక్తం ఫౌంటెన్‌లా చిమ్మడం, అంతే. ఆ నిలబడటమే ఫైటు.

కానీ కసితీరా నరుక్కునేవి కావాలంటే బోలెడు. వాటికి 'చాన్‌బారా' అని పేరు, కత్తులు తగిలే చప్పుడులోంచి పుట్టిన మాట. వాటిలో హీరోని చూడకండి, పడేవాణ్ణి చూడండి. క్యోటోలో ఉజుమాసా స్టూడియోలో ఫుకుమోతో సేజో అనే ఆయన ఉండేవారు. పదిహేనో ఏట చేరారు. జీవితమంతా నరికించుకోవడమే పని. యాభై వేలసార్లు చచ్చినాయన అని పేరు. వేటు పడగానే రొయ్యలా వెనక్కి విల్లై వంగి, ఒక్క క్షణం అలా ఆగి, ముఖం కెమెరా వైపు తిప్పి కూలతారు. డెబ్భయ్యో పడిలో, 2014లో వచ్చిన సినిమాలో మొదటిసారి హీరో అయ్యారు. ఆ వేషం కూడా పడిపోయేవాడిదే.

ప్ర: 'మితో కోమోన్' ప్రతి భాగమూ ఒకేలా ఉంది కదండీ? — చిరాకు

జ: ఉంటుంది. ముసలాయన మారువేషంలో ఊళ్ళు తిరుగుతాడు, అన్యాయం చూస్తాడు, చివర్లో అనుచరుడు అప్పటి పాలకులైన తొకుగావా వంశం ముద్రున్న చిన్న పెట్టె ఎత్తి చూపిస్తాడు, అందరూ నేలమీద పడతారు. టీవీలో 1969 నుంచి 2011 దాకా 1,200కి పైగా భాగాలు. శ్రీరామపట్టాభిషేకం ఏటా అలాగే జరుగుతుంది, మనం వెళ్ళడం మానేశామా?

ప్ర: 'షోగన్' చూశారా? — చాలామంది

జ: చూశాం. 2024లో వచ్చిన టీవీ సీరీస్, 18 ఎమ్మీలు కొట్టుకుపోయింది. అందులో తొరనాగా, అంటే తొకుగావా ఇయెయసుని చూసి అల్లిన పాత్ర, వేసింది హిరోయుకి సనదా. పైన చెప్పిన మునిమాపు సేబేయ్ కూడా ఆయనే! దేశాన్నే మింగే దొర ఠీవి చూస్తున్నంతసేపూ నాకు మాత్రం దీపం ముందు కూర్చుని పంజరం అల్లే వేళ్ళే కనిపించాయి.

ప్ర: ఇంతకీ మీవారికి కాపురం కథలు అలవాటయ్యాయా? — మీ పాత పాఠకురాలు

జ: ఒప్పుకోరు. మొన్న రాత్రి ఒక పాత చాన్‌బారా పెట్టాం. హీరో పొరుగు గ్రామంలో దొంగల్ని ఊచకోత కోస్తున్నాడు. కత్తులు, అరుపులు, ఆయన కోరుకున్నవన్నీ ఉన్నాయి. ఉన్నట్టుండి నావైపు తిరిగి అడిగారు:

"ఆ పిల్లలిద్దర్నీ ఇంట్లో వదిలేసి వచ్చాడు కదా, రాత్రికి అన్నం ఎవరు పెడతారే?"