నోటీసు అందుకున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీర్వదించి రాసేది. నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి మీ అత్తకి నిద్ర లేదు. నాకు బాగానే పట్టింది. ముప్పై నాలుగేళ్లు ప్లీడరు గుమాస్తాగా ఇలాంటి నోటీసులు ఎన్ని కట్టలు కట్టానో లెక్క లేదు. నోటీసు అంటే కేసు కాదు. కేసు వేస్తానని చెప్పడం, అంతే. ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగం టెన్షన్ పడతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నువ్వు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. కాశీనగరం దగ్గర నీ మడుల్లో కాండం తొలిచే పురుగుకి కార్టాప్ గుళికలు వేశావు. ఆ రాత్రి వాన పడింది. తెల్లారేసరికి కింద బందలో, అదే చేపలు పెంచే చెరువులో, చేపలు తేలాయి. బంద పాటకి తీసుకున్నాయన 1,80,000 రూపాయలు కట్టమంటున్నాడు. నువ్వేమో "వాన పడితే నేనేం చేస్తాను మావయ్యా" అంటున్నావు.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. మా ప్లీడరుగారు మాత్రం "కోర్టుకి ఆ రెండూ మనమే ఎరుకపరచాలయ్యా" అనేవారు. పల్లం సంగతి ముందు చెబుతాను.

1882లో వచ్చిన ఈజ్‌మెంట్ల చట్టం ఒకటుంది, పక్కవాడి నేల మీద మనకుండే దారి, నీటి హక్కుల్లాంటివి చెప్పేది. మొదట అది మద్రాసు గవర్నరు పాలనలోని ప్రాంతాలకీ, సెంట్రల్ ప్రావిన్సెస్‌కీ, కూర్గుకీ వర్తించింది. మన పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసేదాకా మద్రాసు కిందే ఉండేది కదా, అందుకే మా ఆఫీసు బీరువాలో ఆ పుస్తకం ఎప్పుడూ పైనుండేది. అందులో ఏడో సెక్షను కింద ఉదాహరణలు ఇచ్చారు. ఒకదాంట్లో పైపొలం వాడి హక్కు ఉంది: తన నేల మీద పడ్డ నీరు, కాలవంటూ లేకుండా సహజంగా జారే నీరు, కింది పొలంలోకి పోతుంటే కింది వాడు అడ్డుపెట్టకూడదు. ఇది నీ వైపు. ఇంకోదాంట్లో కింది వాడి హక్కు ఉంది: తన నేలలోకి వచ్చే నీటిని, అది వచ్చేలోపు, ఇతరులు అన్యాయంగా పాడుచెయ్యకూడదు. ఇది ఆయన వైపు. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. నీ ప్లీడరు మొదటిది చదువుతాడు, ఆయన ప్లీడరు రెండోది చదువుతాడు. నీరు కిందికి పోవడం నీ హక్కే. దాంతోపాటు గుళికలు పోవడం కాదు.

మరి వాన దేవుడి పని కదా అంటావు. దానికి మన తెలుగువాళ్ల కేసే ఒకటుంది. కార్వేటినగరం జమీందారు చెరువులు వానకి తెగి రైలు కట్టని కొట్టుకుపోయాయి. మద్రాసు రైల్వే కంపెనీ దావా వేసింది. 1874లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో లండన్లో ఉన్న మన ఆఖరి అప్పీలు కోర్టు, జమీందారు పక్షానే తీర్పు చెప్పింది. చెరువులు ఈ దేశంలో అనాదిగా ఉన్నవి, జనానికి కావలసినవి, వాటిని కాపాడుకోవడం ఆయన విధి, ఆ విధిలో నిర్లక్ష్యం లేనప్పుడు తెగినందుకు ఆయన్ని పట్టుకోకూడదు అని. చిన్న గుమాస్తానే అయినా ఆ తీర్పంటే నాకు మక్కువ. మన పొలం పని ఎలా ఉంటుందో లండన్లో కూర్చున్నవాళ్లకి ఆ ఒక్కసారి అర్థమైందనిపిస్తుంది. నీకు అందులో కావలసింది "నిర్లక్ష్యం" అన్న మాట. సివిల్ కోర్టులో నీ కథ తిరిగేది దాని చుట్టూనే. గుళికలు వెయ్యడం తప్పు కాదు, లైసెన్సున్న షాపులోనే కొన్నావు. వేశాక రెండు మూడు రోజులు మడిలో నీరు కదలకుండా నిలబెట్టావా? వాన వస్తుందని ఫోన్లో ముందే చూపించినా వేశావా? గట్టు పొర్లి పోయిందా, మదుము (నీళ్లు వదిలే తూము) తీస్తే పోయిందా? అడిగేవి ఇవే.

ఇక 1974 నాటి నీటి కాలుష్య చట్టం. దాన్ని నోటీసులో రాసింది నిన్ను బెదరగొట్టడానికే అనుకుంటున్నాను, కానీ కొట్టిపారెయ్యకు. అనుమతి పత్రాల గొడవ ఫ్యాక్టరీలకి, గొట్టం పెట్టి మురుగు వదిలేవాళ్లకి. గట్ల మీంచి జారే వాన నీటికి ఏ రైతునీ అనుమతి తెమ్మనరు. కానీ 24వ సెక్షను "ఏ వ్యక్తీ" అంటుంది, రైతు మినహా అనలేదు. కాలుష్య నియంత్రణ బోర్డు పెట్టిన ప్రమాణాలు దాటి విషపదార్థాన్ని తెలిసి నేరుగా గానీ, చుట్టుతిప్పి గానీ నీటిలోకి వదలకూడదు, వదలనివ్వకూడదు. ఆ చట్టంలో గెడ్డ (వాగు) ఎండి ఉన్నా ప్రవాహమే, తవ్విన చెరువూ, భూగర్భ జలమూ ప్రవాహమే. అక్కడ పట్టు "తెలిసి" అన్న మాటది. 2024 సవరణలో ఈ నేరానికి జైలు తీసేసి 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టారు. శాసనసభ తీర్మానం చేసి ఒప్పుకున్న రాష్ట్రాల్లోనే అది నడుస్తుంది.

మందు డబ్బాల సంగతి మరిచిపోకు. 1971 పురుగుమందుల నియమాల్లో 44వది: ఖాళీ ప్యాకెట్లూ, మిగిలిన మందూ, కడిగిన నీళ్లూ నీటిని పాడుచెయ్యకుండా పారబోసే బాధ్యత మందు తయారుచేసినవాళ్లతోపాటు వాడినవాడిది కూడా. ఖాళీ డబ్బాలు పగలగొట్టి, ఇళ్లకి దూరంగా పాతిపెట్టాలి. నీ గుళికల ప్యాకెట్లు ఎక్కడున్నాయి? గెడ్డ ఒడ్డున పడి ఉంటే ఆయన మనిషి ఈపాటికి ఫోటో తీసే ఉంటాడు.

నన్ను గొప్పవాణ్ణనుకోకు. 1991లో నేనే స్ప్రేయరు గెడ్డలో కడిగాను. దిగువన ఒకాయన బాతులు ఆరు చచ్చాయి. వాటి డబ్బు ఇచ్చుకోవడం పెద్ద పని కాలేదు. ఆయన ఏడాది పాటు మన గుమ్మం తొక్కలేదు. మీ అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

చేపల సంగతికొస్తాను, నీకు ఎక్కువ పనికొచ్చేది ఇదే. చేప చావడానికి రెండు దార్లున్నాయి. నీళ్లలో గాలి చాలకపోతే తెల్లవారుజామున నోళ్లు పైకెత్తి గుటకలేస్తాయి, పెద్దవి ముందు పోతాయి, సాధారణంగా మబ్బు పట్టిన రోజుల తర్వాత. మందు తగిలితే వేళాపాళా లేదు. చిన్నా పెద్దా అన్నీ పోతాయి, కప్పలూ నీటి పురుగులూ కూడా తేలతాయి. అక్కడ ఆ పొద్దున ఉన్నవాళ్లని, అందులోనూ నీకు చుట్టం కానివాళ్లని, ఏం చూశారో నిదానంగా అడుగు. అయితే గాలి చాలక చచ్చాయని తేలితే నువ్వు గట్టెక్కినట్టేనని మురిసిపోకు. యూరియా, డీఏపీ బురదతో కొట్టుకొస్తే బందలో పచ్చ నాచు పెరుగుతుంది, ఆ నాచే రాత్రిళ్లు గాలి పీల్చేస్తుంది. ఎరువు మాత్రం నీ ఒక్క మడిదే కాదు, పైనున్న ముప్పై మడులదీ. సివిల్ కోర్టులో రుజువు చెయ్యాల్సింది ఆయన, నువ్వు కాదు.

నీళ్ల సీసా పట్టుకుని బరంపురం బోర్డు ఆఫీసుకి పరుగెత్తకు. ఆయన సీసాలో పట్టి తెచ్చినదాన్ని చూసి కూడా బెదరకు. బోర్డు వాళ్లు చట్టం ప్రకారం నమూనా తీస్తే నోటీసిస్తారు, రెండు భాగాలు చేస్తారు, సీలు వేసి సంతకాలు పెట్టిస్తారు. అలా తీసినదానికున్న బరువు ఇంట్లో పట్టిన సీసాకి రాదు.

జవాబు మాత్రం ఇయ్యి. మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే అని వాదిస్తారు. గుళికలు వేసిన తేదీ, ఎకరాకి ఎంత వేశావు, షాపు బిల్లు, వాన పడిన వేళ ఉంటే చాలు. కోపం వద్దు, "దయచేసి క్షమించండి" అనీ రాయకు, మన ప్లీడరు ఎలా చెబితే అలా. ఊరి పెద్దలు కూర్చోబెడితే వెళ్లు, మర్యాదగా విను. కానీ తెల్ల కాగితం మీద సంతకం పెట్టకు. ఒడియాలో రాసిందైతే అసలే వద్దు, నాకు తెచ్చి చూపించు. నువ్వు శ్రీకాకుళంలో తెలుగులో చదువుకున్నవాడివి, "క్షతిపూరణ" అని ఉంటే పూజ అనుకుంటావు. అది నష్టపరిహారం.

నా మనసులో మాట అడిగితే, రాజీకే మొగ్గుతాను. ఆయన కూడా అప్పు తెచ్చి పిల్ల చేపలు వేసినవాడే. కుదిరితే ఆ ఒప్పందాన్ని లోక్ అదాలత్‌లో పెట్టించుకుందాం. అక్కడి అవార్డుకి డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, అప్పీలు ఉండదు. కోల్‌కతాలో పర్యావరణ కేసులు చూసే హరిత ట్రిబ్యునల్ ఉంది, పరిహారానికి ఐదేళ్ల దాకా గడువుంది. ఈ చేపల కోసం ఆయన అంత దూరం వెళ్తాడనుకోను. కానీ గడువు పెద్దదే, అందుకే బిల్లులు పారెయ్యకు.

వచ్చే దమ్ము నుంచి ఇవి చెయ్యి. మందు వేసే రోజు, ఆ తర్వాత మూడు రోజులు మదుముకి తాళం లాగా మట్టి బిగించు. డబ్బా మూడుసార్లు కడిగి ఆ నీళ్లు మడిలోనే పొయ్యి. గెడ్డ వైపు గట్టు మీద గడ్డి పీకించకు, వట్టివేరు దొరికితే నాటించు, బురద అక్కడే ఆగుతుంది. ఒక పది రూపాయల నోటుబుక్కులో తేదీ, మందు, వాన రాసుకో. కూలివాడు నువ్వు చెప్పిన పని చేస్తూ పాడుచేసినా అది నీ మీదకే వస్తుంది, కాబట్టి కడగడం దగ్గర నువ్వుండు.

గురువారం పొద్దుటి బస్సుకి నోటీసూ, షాపు బిల్లూ, ఆ గుళికల ఖాళీ ప్యాకెట్టూ పట్టుకురా. పదకొండింటికి ప్లీడరుగారి దగ్గరికి వెళ్దాం. అంతకుముందు, ఆ రాత్రి మదుము తీసిందెవరో నాకు ఒక్కడికీ చెప్పు. నువ్వు ఫోన్లో "పొర్లిపోయింది" అన్నావు. మీ పాలేరు నిన్న సంతలో నా పక్కన కూర్చుని వేరే మాట చెప్పాడు.

మీ మావయ్య