కథ రెండో పేజీలో ఎందుకు ఆగిపోతుంది?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మెట్రోలో, ఆఫీసులో ఏదో ఒకటి చూసినప్పుడు ఇది కథ అవుతుందనిపిస్తుంది. రాయడానికి కూర్చుంటే రెండో పేజీ దాటదు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: చూసింది సంఘటన మాత్రమే. అది కథ కావాలంటే ఒక మనిషికి ఏదో కావాలి, దానికేదో అడ్డుండాలి. ఇమ్లీబన్ బస్టాండ్‌లో ఒక పెద్దాయన విచారణ కౌంటర్‌కి మూడుసార్లు వచ్చి అదే బస్సు టైము అడిగాడనుకోండి. చూసినంతే రాస్తే అరపేజీ. మిగతా పేజీన్నర బస్టాండ్ వర్ణనతో, ఆయన మీద మీ జాలితో నిండుతుంది. ఆ తర్వాత రాయడానికి ఏమీ ఉండదు, కలం ఆగుతుంది. అదే ఆయన కొడుకింట్లో చెప్పకుండా వచ్చేశాడని, ఊళ్లో ఇల్లు ఎప్పుడో అమ్మేశారని, ఆఖరి బస్సు ఇంకో గంటలో ఉందని అనుకుని రాయండి. మొదటిసారి టైము తెలియక అడిగాడు. మూడోసారి, ఎవరైనా ఆపితే బాగుండునని అడిగాడు. అవే మాటలు, ఇప్పుడు కథ నడుస్తోంది.

అందుకే మొదలుపెట్టే ముందు ఆ పాత్ర చివర్లో తీసుకునే నిర్ణయాన్ని ఒక్క వాక్యంలో రాసి పక్కన పెట్టుకోండి. రాస్తుండగా అది మారినా ఫర్వాలేదు. ఆ నిర్ణయానికి ఎంత దగ్గరగా మొదలుపెడితే కథ అంత గట్టిగా ఉంటుంది. చిత్తుప్రతి అయ్యాక మొదటి 150 మాటలు చేత్తో మూసి చదవండి. చాలాసార్లు కథకు ఏ లోటూ రాదు. అలాగైతే ఆ భాగం తీసేయండి, ఎంత అందంగా వచ్చినా సరే.

నోటుబుక్కులో ‘పాపం ముసలాయన’ అని మీ అభిప్రాయం రాసుకోవద్దు. ఆయన ‘బస్సు ఎన్నింటికండీ’ అన్నాడా, ‘ఎప్పుడొస్తది బిడ్డా’ అన్నాడా, చేతిలో సంచి కింద పెట్టాడా, పట్టుకునే నిలబడ్డాడా అన్నది రాసుకోండి. మూడు నెలల తర్వాత అభిప్రాయం ఎందుకూ పనికిరాదు. ఆ మాట మాత్రం మనిషిని మళ్లీ కళ్ల ముందు నిలబెడుతుంది. ఈ విషయంలో హైదరాబాద్‌లో ఉండటం నిజంగా అదృష్టం. ఒకే అపార్ట్‌మెంట్‌లో పాలమూరు యాస, గోదావరి యాస, పాతబస్తీ ఉర్దూ కలిసిన తెలుగు వినిపిస్తాయి. అలాగని పలికిన ప్రతి ధ్వనినీ అక్షరాల్లో పెట్టబోతే చదివేవారు తడబడతారు. క్రియాపదాల చివర్లు, మనిషికి ఒకటి రెండు సొంత మాటలు చాలు. ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది: మొదటి పేజీలో ‘వస్తున్న’ అన్న మనిషి నాలుగో పేజీలో ‘వస్తున్నాను’ అంటాడు. కథ పూర్తయ్యాక ఒక్కో పాత్ర సంభాషణలు మాత్రమే వరసగా, పైకి చదవండి. ఎక్కడ జారిందో చెవికే తెలుస్తుంది.

ప్రశ్న: పత్రికకు కథ పంపి నాలుగు నెలలైంది. జవాబు లేదు. వేరేచోటికి పంపవచ్చా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: పంపవచ్చు. ముందుగా ఆ పత్రికకు, కథను వెనక్కి తీసుకుంటున్నానని రెండు లైన్ల మెయిల్ పెట్టండి. అది లేకుండా రెండుచోట్లా అచ్చయితే రెండు పత్రికల్లోనూ మీ మీద నమ్మకం పోతుంది.

ఈసారి పంపే ముందు, ఆ పత్రికలో వచ్చిన కథ ఒకటి తీసుకుని పది లైన్లలో మాటలు లెక్కపెట్టి, పదితో భాగించి, కథలోని మొత్తం లైన్ల సంఖ్యతో హెచ్చించండి. వాళ్ల నిడివి ఎంతో తెలుస్తుంది. రెండు పేజీల చోటున్న పత్రికకు 3,000 మాటల కథ పంపితే, బాగున్నా పక్కన పెట్టేస్తారు. టైపింగ్ యూనికోడ్‌లో ఉండాలి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేసిన ఫైలు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఇంగ్లిషు అక్షరాల గందరగోళంగా కనిపిస్తుంది. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ఒత్తులు చెదిరిపోతాయి కాబట్టి వర్డ్ ఫైలే పంపండి. సొంత రచన అని, అనువాదం కాదని, ఎక్కడా రాలేదని, ఎక్కడా పరిశీలనలో లేదని హామీ రాయండి. ఫేస్‌బుక్‌లో పెట్టినదాన్ని కూడా చాలామంది సంపాదకులు ప్రచురితంగానే లెక్కిస్తారు.

ప్రశ్న: సిటీలో కథలు చదువుకోవడానికి, రాసింది చూపించుకోవడానికి చోటెక్కడ?
– ఒక డిగ్రీ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: సుల్తాన్ బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మీకు దగ్గరే. అఫ్జల్‌గంజ్‌లో 1891లో ఆసఫియాగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు వెతకండి. ఇల్లు కదలకుండా అయితే శ్రీకాకుళం కథానిలయం వెబ్‌సైట్‌లో పాత పత్రికల కథలు చదువుకోవచ్చు. నచ్చిన కథ ఒకటి చేత్తో తిరగరాయండి. దృశ్యం ఎక్కడ మారింది, ఎన్ని మాటల్లో మారింది అన్నది అప్పుడే పట్టుబడుతుంది.

చూపించుకోవడానికి సభలకన్నా అయిదారుగురు మిత్రుల బృందం మేలు. కథ మూడు రోజుల ముందే అందరికీ అందాలి. కూర్చున్నప్పుడు రాసినవారు మాట్లాడకూడదు. ముందుగా ఒకరు కథలో ఏం జరిగిందో చెప్పాలి. మీరు అనుకున్నదీ వాళ్లు చెప్పిందీ వేరైతే సవరించాల్సింది అక్కడే. ‘బాగుంది’ అన్న మాటతో మీకు పని జరగదు. ‘ఇక్కడ చదవడం ఆపి ఫోన్ చూశాను’ అనేవాళ్లను వదులుకోకండి.

ప్రశ్న: పది కథలున్నాయి. పుస్తకం వేస్తామన్న ప్రచురణకర్త ఒప్పందం మీద సంతకం అడుగుతున్నారు. ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, అల్వాల్

జవాబు: మీ కథ మీద హక్కు రాసిన క్షణం నుంచీ మీదే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, మీ సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా చట్టం భావిస్తుంది. ‘సర్వహక్కులు శాశ్వతంగా’ అన్న వాక్యం ఉంటే కొట్టేయించండి. ముద్రణ, ఆడియో, సినిమా హక్కులు వేర్వేరుగా రాయించండి. సినిమా హక్కు మీ దగ్గరే ఉంచుకోండి.

ఖర్చు మీరే పెట్టుకునేట్లయితే పేజీలు చూసుకోండి. సాధారణంగా ఫారానికి, అంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే కట్టకు, 16 పేజీలు. 130 పేజీల పుస్తకం తొమ్మిదో ఫారానికి వెళ్లి 14 పేజీలు ఖాళీగా మిగులుతాయి. రెండు పేజీలు తగ్గిస్తే 128తో ఎనిమిది ఫారాల్లో సరిపోతుంది. పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం, దానికి డబ్బడిగితే ఇవ్వొద్దు. మీకు 35 ఏళ్లు దాటకపోతే సాహిత్య అకాడమీ యువ పురస్కారానికి అర్హత ఉంటుంది, బహుమతి 50,000 రూపాయలు. దానికి అచ్చయిన పుస్తకమే కావాలి, రాతప్రతి చెల్లదు.