కేబినెట్‌తో వచ్చే ఎస్‌ఎంపీఎస్ వద్దు

చిన్నా,

కొత్త గేమింగ్ కంప్యూటర్‌కి నువ్వు పంపిన లిస్టు చూశాను. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఇంట్లో ఉన్న పాత హార్డ్‌డిస్క్. అన్నీ బాగానే ఎంచుకున్నావు. చివర్లో "ఎస్‌ఎంపీఎస్ - కేబినెట్‌తో వచ్చేదే" అని రాశావు చూడు, అది కొట్టెయ్. ఎస్‌ఎంపీఎస్ అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా.

నా మొదటి గేమింగ్ మెషీన్‌కి నేనూ అలాగే చేశాను. మామూలు పనులకి ఏ ఇబ్బందీ లేదు. గేమ్ పెట్టిన పది నిమిషాలకి టక్కున ఆగి రీస్టార్ట్ అయ్యేది. విండోస్ మళ్లీ వేశాను, ర్యామ్ మార్చాను, కార్డు సర్వీసుకి పంపాను. నెలన్నర టెన్షన్ పడ్డాక కేబినెట్ పక్క తలుపు తీసి, ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్ టార్చ్ వేసి చదివాను. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లు. 12ని 18తో గుణిస్తే 216! ప్రాసెసరూ కార్డూ నడిచేది ఆ 12 వోల్టుల లైను మీదే. అందుకే షాపులో ముందు ఆ గడి చూడు. నికార్సైన 450 అయితే అక్కడ 36, 37 ఆంపియర్లు ఉంటాయి.

ఇక నీ లెక్క. ప్రాసెసర్‌కి 65 వాట్లని అందరూ చెబుతారు, కానీ అది బేస్ స్పీడుకి. టర్బోలో, అంటే పూర్తి వేగంలో, 117 దాకా లాగుతుందని ఇంటెల్ వాళ్లే ఇచ్చారు. 117 వేసుకో. కార్డుకి 115. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు అన్నిటికీ కలిపి 60. మొత్తం 292.

అలాగని 300ది కొంటే సరిపోదు. కార్డు లిప్తకాలం పాటు తన అంకె దాటి ఒక్కసారిగా లాగుతుంది, ఆ కుదుపు తట్టుకోవాలి. పైగా ఎస్‌ఎంపీఎస్ సగం లోడు దగ్గర చల్లగా, పొదుపుగా నడుస్తుంది. కాబట్టి 550. ఈ కార్డుకి ఎన్‌విడియా చెప్పేదీ అంతే. రెండేళ్లలో 4070 లాంటి 200 వాట్ల కార్డు వేసే ఉద్దేశం ఉంటే ఇప్పుడే 650 తీసుకో. కరెంటు బిల్లు పెరుగుతుందేమోనని నాన్న అడిగితే, మెషీన్‌కి కావలసినంతే లాగుతుందని చెప్పు. షాపువాళ్లు 850 అంటే మాత్రం వినకు, ఆ డబ్బుతో పెద్ద ఎస్‌ఎస్‌డీ వస్తుంది.

యూపీఎస్ సంగతి కూడా చూసుకో. బ్రాంజ్ రకం ఎస్‌ఎంపీఎస్ లోపలికి తీసుకున్న కరెంటులో దాదాపు 85 శాతమే బయటికిస్తుంది. 292 ఇవ్వడానికి గోడ నుంచి 340 దాటుతుంది, మానిటర్‌కి ఇంకో 25. మీ ఇంట్లో ఉన్నది 600 వీఏ యూపీఎస్, అలాంటివి ఎక్కువగా 360 వాట్లవే. గేమ్ మధ్యలో కరెంటు పోతే అది తట్టుకోలేదు. 1,000 వీఏది చూడు.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీకి వెళ్తానన్నావుగా, డబ్బు కట్టే ముందు స్టిక్కర్ ఫోటో తీసి వాట్సాప్ చెయ్యి. ఫోన్ దగ్గరే పెట్టుకుంటాను.

మామయ్య