ఉప్పుగాలి తినేసిన బ్రేకు పైపులు

ప్రశ్న: మాది కళింగపట్నం. 2004 నాటి మా నాన్నగారి మారుతి 800ని ఇప్పుడు నేను నడుపుతున్నాను. వెనక చక్రాలకు వెళ్లే బ్రేకు పైపు తుప్పు పట్టి పొరలుగా రాలుతోంది. ముందు చక్రాల రబ్బరు గొట్టాల మీద పగుళ్లు కనిపిస్తున్నాయి. పానాలు, జాకీ ఉన్నాయి. పైపును పాడైన చోట కోసి ముక్క అతికించుకోవచ్చా? ఈ పని ఇంట్లో చేసుకోవడం మంచిదేనా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, అతకవద్దు. ఆ పైపు ఈ చివర నుంచి ఆ చివరి దాకా మార్చాల్సిందే. టైరులో గాలి ఒత్తిడి ముప్పై పౌండ్లుంటే, గట్టిగా తొక్కినప్పుడు బ్రేకు పైపులో వెయ్యి పౌండ్లు దాటుతుంది. ఆ ఒత్తిడికి రబ్బరు ముక్క, క్లిప్పు ఏం నిలుస్తాయి?

విజయనగరంలో ముప్పై ఏళ్లు షెడ్డు నడిపాను. ఒకసారి బారువ నుంచి ఒక కారు వచ్చింది. పైపు పొడవునా తుడిచి చూస్తే బాగానే ఉంది. వెనక ఇరుసు దగ్గర పైపును పట్టి ఉంచే క్లిప్పు విప్పాను. దాని కింద ఉప్పు, బురద కలిసి గట్టిగా పేరుకుపోయి ఉన్నాయి. గోటితో గీకితే తుప్పు పెచ్చు లేచింది. దాని వెనకే గోధుమరంగు చుక్క ఒకటి మెల్లగా ఊరింది. ఆ కారులో ఇద్దరు పసిపిల్లలు అంత దూరం ప్రయాణం చేసి వచ్చారు. సముద్రం పక్కన ఉండేవారు క్లిప్పుల కింద తప్పకుండా చూడాలని ఆ రోజు నుంచి అందరికీ చెబుతున్నాను. మీకూ అదే చెబుతున్నాను.

ఇక ఇంట్లో చేసుకోవడం గురించి. ఓపిక ఉంటే చేసుకోవచ్చు. కానీ పైపు చివర చేసే ఫ్లేర్ మాత్రం చేయి తిరిగినవారి చేతనే చేయించండి. అంచును వెలుపలికి తెరిచి, మళ్లీ లోపలికి మడిచి రెండు పొరలుగా చేస్తారు. ఆ మడత ఒంకరైతే ఎంత బిగించినా కారుతుంది. మీ బండికి సరిపోయే పైపు తయారుగా దొరికితే ఇంకా మంచిది. రాగి, నికెల్ కలిసిన పైపు దొరికితే మీ ఊరి ఉప్పుగాలికి అదే సరైనది. ఫ్రిజ్‌లు బాగుచేసే కొట్లో అమ్మే ఉత్త రాగి గొట్టం వద్దు. అదురుడుకు బిరుసెక్కి పగులుతుంది.

గట్టి, సమమైన నేల మీద బండి పెట్టి, చక్రాలకు అడ్డు వేసి, స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద పడుకోవద్దు. ముందు రోజు రాత్రే నట్ల మీద తుప్పు వదిలించే నూనె చల్లండి. మామూలు పానా వేస్తే నట్టు మూలలు అరిగిపోతాయి. బ్రేకు పైపు నట్ల కోసమే చేసిన, నోరు చీలిన రింగు పానా కొనుక్కోండి. అప్పటికీ మూలలు పోతే దిగులుపడకండి. పైపు ఎలాగూ పారేసేదే కాబట్టి, నట్టు పక్కన కోసేసి ఆరు మూలల సాకెట్ తొడిగి విప్పండి. రబ్బరు గొట్టం కలిసే చోట రెండు పానాలు కావాలి: ఒకటి గొట్టం చివరను కదలకుండా పట్టడానికి, రెండోది నట్టు తిప్పడానికి. పాత పైపును వంపులు చెడకుండా తీసి, కొత్తదాన్ని దాని పక్కన పెట్టి అలాగే వంచండి.

కొత్త రబ్బరు గొట్టం ఎక్కడా మెలి తిరగకూడదు. బిగించాక స్టీరింగ్‌ను రెండు వైపులా చివరి దాకా తిప్పి, గొట్టం ఎక్కడైనా రాసుకుంటోందేమో కళ్లతో చూడండి. కాలిపర్ (ముందు చక్రం డిస్కును నొక్కి పట్టే భాగం) దగ్గరి రాగి వాషర్లు కొత్తవే వేయాలి. పాతవాటిని అరగదీసి వాడే అలవాటు నాకు అస్సలు నచ్చదు.

బ్రేకు ఆయిల్ మూత మీద ఏ రకం రాసి ఉందో అదే పోయండి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. సాలూరు దాటాక వచ్చే ఘాటు రోడ్డు దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే, మరిగిన ఆయిల్‌లో బుడగలు లేచి పెడల్ ఉత్తిగా కిందికి దిగిపోతుంది. అందుకే మూత తీసి నెలల తరబడి ఉంచిన డబ్బా వాడకండి. ఆయిల్ బండి రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

పైపుల్లో చేరిన గాలి తీయడానికి ఇంట్లో ఒకరి సాయం కావాలి. మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే భాగానికి) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి. వాళ్లు పెడల్ తొక్కి పట్టాలి. మీరు నిపుల్ (చక్రం దగ్గర గాలి బయటికి వదిలే చిన్న మర) వదులు చేసి, బిగించాకే వాళ్లు కాలు తీయాలి. ఈ లోపల ఆయిల్ పోసే పై డబ్బా ఖాళీ కానివ్వకండి, గాలి చొరబడి పని మళ్లీ మొదటికొస్తుంది. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టండి. ఇరవై ఏళ్ల బండిలో పెడల్ నేల దాకా దిగితే, సిలిండర్‌లో ఎన్నడూ నడవని తుప్పు భాగం మీదికి వెళ్లి రబ్బరు సీళ్లు చిరుగుతాయి. చివరగా ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టించి, ప్రతి అతుకునూ పొడి కాగితంతో అద్ది చూడండి. ఖాళీ మైదానంలో మెల్లగా నడిపి చూశాక, తెలిసిన మెకానిక్‌కు ఒకసారి చూపించి, ఆ తర్వాతే శ్రీకాకుళం రోడ్డెక్కండి.

ప్రశ్న: మా పాత జెన్‌లో ముందు కుడి చక్రం కాలిపోతోంది. కాలిపర్ మార్పించినా తగ్గలేదు.
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: అమ్మా, ఆ వైపు రబ్బరు గొట్టాన్ని అనుమానించండి. పైకి బాగున్నా లోపలి పొర ఉబ్బి మూసుకుపోతుంది. తొక్కినప్పుడు ఆయిల్ వెళుతుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు. చక్రం పట్టేసి ఉన్నప్పుడు నిపుల్ వదులు చేయించండి. వెంటనే చక్రం తిరిగితే, పైన మాస్టర్ సిలిండర్ దగ్గర నట్టు కొద్దిగా వదులు చేసి చూసినప్పుడు మాత్రం తిరగకపోతే, దోషం గొట్టానిదే. ముందు గొట్టాలు రెండూ కలిపి మార్పించండి. విప్పేటప్పుడు కాలిపర్‌ను గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టి ఉంచమని మెకానిక్‌కు చెప్పండి.