సగానికి అడగాలా?

ప్రశ్న: వచ్చే నెలలో కుటుంబంతో ఇస్తాంబుల్, కైరో వెళ్తున్నాం. అక్కడి బజార్లలో చెప్పిన ధరలో సగానికి అడగాలని కొందరు, అలా అడిగితే వర్తకులు నొచ్చుకుంటారని మరికొందరు అంటున్నారు. బేరమాడటమంటే నాకు మొదటి నుంచీ మొహమాటం. ఏం చేయమంటారు? - ఒక పాఠకురాలు

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది, అందుకే ఆ సూత్రం పనికిరాదు. అసలు ధరకు నాలుగింతలు చెప్పిన వర్తకుడి దగ్గర సగానికి తెచ్చి గెలిచామనుకున్నా, రెండింతలు ఇచ్చినట్టే. కొద్దిపాటి లాభం మాత్రమే కలిపి చెప్పిన వాడిని సగానికి అడిగితే అతడు నొచ్చుకోవడంలో తప్పులేదు. అతడు చెప్పిన ధరను కొలబద్దగా తీసుకోకుండా, ఆ వస్తువుకు మీరు ఎంతవరకు పెట్టగలరో నోరు విప్పకముందే నిర్ణయించుకోండి.

ఆ అంచనా రావాలంటే మొదటి రోజు ఏమీ కొనకుండా తిరగడం మేలు. 15వ శతాబ్దంలో మొదలైన ఇస్తాంబుల్ గ్రాండ్ బజార్‌లో 60కి పైగా వీధులు, వేలాది దుకాణాలు ఉన్నాయి. ఒకే రకం దీపాలు, పింగాణీ గిన్నెలు ఎన్నో చోట్ల కనిపిస్తాయి కాబట్టి నాలుగైదు దుకాణాల్లో అడిగితే ధర ఎక్కడ తిరుగుతోందో తెలిసిపోతుంది. కైరోలోని ఖాన్ అల్ ఖలీలీ బజారుకు వెళ్లే ముందు అరబిక్ అంకెలు పది నేర్చుకోండి. అక్కడ సున్నను చుక్కగా రాస్తారు, మన కంటికి సున్నలా కనిపించేది 5!

బంగారం సంగతి వేరు. దాని ధర ఆనాటి మార్కెట్‌ను బట్టి, బరువును బట్టి ఉంటుంది గనుక బేరానికి చోటున్నది ప్రధానంగా మజూరీలోనే. సూపర్ మార్కెట్లలో, మందుల షాపుల్లో బేరం ఊసే ఎత్తకండి.

మీ మొహమాటం విషయానికి వస్తే, దుకాణదారు టీ ఇచ్చినంత మాత్రాన కొని తీరాలని లేదు. అయితే మీరు ఒక ధర చెప్పి, అతడు సరేనన్నాక వెనక్కి తగ్గడం మాత్రం మర్యాద కాదు; కొనే ఉద్దేశం లేని వస్తువుకు ధర పలకకండి. కుదరకపోతే నవ్వుతూ సెలవు తీసుకుని బయటికి నడవండి. వెనక్కి పిలిస్తే ఇంకా తగ్గే వీలుందన్నమాట. పిలవకపోతే బహుశా అదే అతడి చివరి ధర, తిరిగి వెళ్లి ఆ ధరకే కొనడంలో నామోషీ ఏమీ లేదు. ఆఖరి పది లీరాల కోసం అరగంట నిలబడటం కంటే, రెండు వస్తువులు కలిపి తీసుకుంటానని చెప్పడమో, చిన్న కొసరు అడగడమో నాకు సబబుగా తోస్తుంది.

గైడ్ తీసుకెళ్లిన దుకాణంలో అతడి కమిషన్ కూడా తరచూ ధరలో కలిసే ఉంటుంది. నచ్చిన వస్తువును మరోచోట వాకబు చేయండి. పర్యాటకులకు డాలర్లలోనో యూరోల్లోనో ధర చెప్పడం మామూలే కాబట్టి, తలూపే ముందు అది ఏ కరెన్సీయో తేల్చుకోండి. కార్డుతో చెల్లించేటప్పుడు మెషిన్ రెండు కరెన్సీలు చూపితే స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. లేకుంటే మారకం రేటు రూపంలో, బేరంలో తగ్గించుకున్నది కొంత చేజారిపోవచ్చు.